ముప్పై రెండు ఆకులు, నాలుగు మూలలు

ఫ్రేము ఎవరు చేసినా నేను ముందు మూలలు చూస్తాను. అడ్డం, నిలువు కలిసే చోట సందు పడిందా, నగిషీ మధ్యలో తెగిందా, ఒక మూలకు నిండు పువ్వు వచ్చి ఎదుటి మూలకు సగమే మిగిలిందా అని చూస్తే చాలు, చేసిన చెయ్యి ఏపాటిదో తెలిసిపోతుంది. కర్ర ఫ్రేముకు ఇది ఎంత నిజమో కంప్యూటర్లో చేసిన ఫ్రేముకూ అంతే నిజమని నాకు ఆత్మకూరులోని ఒక చిన్న స్టూడియోలో అర్థమైంది. అక్కడ పనిచేసే కుర్రాడు మా కోసం చేసిన ఒక ఫ్రేము గురించి వివరంగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మా మేనమామది ఉదయగిరి. ఆయనకు అరవై నిండుతున్నాయని, బట్టలూ ఉంగరాలూ కాకుండా వాళ్ళ పెళ్ళిఫొటోనే పెద్దది చేయించి ఇద్దామని మేనల్లుళ్ళం అనుకున్నాం. 1980ల నాటి కలర్ ఫొటో అది. ఆ కాలపు ప్రింట్లలో చాలావాటికి పట్టిన తెగులే దానికీ పట్టింది. కాగితంలోని నీలం ముందుగా వెలిసిపోయి, మిగిలిన ఎరుపు పైకి తేలింది. అత్తయ్య ముఖం, పందిరి, అరటిపిలకలు, అన్నిటి మీదా ఇటుకపొడి చల్లినట్టు ఉంది.

ఆత్మకూరు నెల్లూరు నుంచి బద్వేలు వైపు పోయే రోడ్డు మీద ఉంది. చుట్టుపక్కల పల్లెలకు పెళ్ళిఫొటోలైనా, ఆధార్‌కు పాస్‌పోర్టు సైజు ఫొటోలైనా, పెద్దకర్మకు దండ వేసిన ఫొటోలైనా ఇక్కడి స్టూడియోల్లోనే. మేం వెళ్ళిన స్టూడియో గోడ మీద పెంచలకోన నరసింహస్వామి గుడి, ఏఎస్‌పేట దర్గా, గేట్లెత్తిన సోమశిల డ్యామ్ వరసగా ఉన్నాయి. ఆ అబ్బాయి పాత ఫొటోను స్కానర్లో పెట్టి, ఒక ఫోల్డర్ తెరిచి, "ఫ్రేము ఏది వెయ్యమంటారన్నా?" అని అడిగాడు. వందల రెడీమేడ్ ఫ్రేములు. గులాబీలు, హృదయాలు, సీతాకోకచిలుకలు, బంగారు పూత. ఏ పెళ్ళి ఆల్బమ్ తెరిచినా కనిపించేవి అవే. ఏ ఊరి పెళ్ళో పోల్చుకోలేం.

నేను ఉదయగిరి కర్రపని పోలిక ఏదైనా రావాలని అడిగాను. అతను కాసేపు ఆలోచించి, "చెంచా ఒకటి తెచ్చియ్యన్నా. ఫోన్లో ఫొటో కాదు, చెంచానే కావాలి" అన్నాడు. ఆ మాటతోనే నాకు అతని మీద గురి కుదిరింది.

ఉదయగిరి చెంచా తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. దుర్గం కొండ చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, పాలబరికి లాంటి కర్రతో అక్కడ చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు, పళ్ళాలు చేస్తారు. ఉదయగిరి కర్ర చెంచాల పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ పనిలో ఆడవాళ్ళది పెద్ద చెయ్యి. కర్రను కోసి, చెక్కి, ఆకురాయితో అరగదీసి, పట్టుకునే కాడ మీద తీగలూ ఆకులూ తీరుస్తారు. ఆ నగిషీలో పారశీక పోలికలు ఉన్నాయని అంటారు. ఆ మాట నమ్మడానికి ఊళ్ళోనే ఆధారాలున్నాయి. కొండ మీది మసీదులో పారశీక శాసనాలున్నాయి, కొండ కింద రంగనాయకుల గుడి ఉంది. రాయి మీది తీగ, కర్ర మీది తీగ పక్కపక్కనే బతికిన ఊరు అది.

చెంచా కాడ వేలెడంత వెడల్పు. దాని మీది ఆకును పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల ఫొటో చుట్టూ పాకించాలి. ఆ అబ్బాయి చెంచాను నేరుగా ఫొటో తీసి, ఆ ముక్కను కోసి అతికించలేదు. చాలామంది అదే చేస్తారు. పని తొందరగా అయిపోతుంది, కానీ చెడుతుంది. ఎందుకు చెడుతుందో వెలుగు గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది. అతను మాత్రం చెంచాను కిటికీ పక్కన నీడలో పెట్టి ఫొటో తీసి, ఫొటోషాప్‌లో తెరిచి, పెన్ టూల్‌తో ఆకు అంచు వెంట గీత గీశాడు. పెన్ టూల్ కుంచెలా గీసేది కాదు. అక్కడక్కడ చుక్కలు పెడుతూ పోతే, రెండు చుక్కల మధ్య వంపును అది గీస్తుంది. చుక్కలు ఎక్కువైతే వంపు గతుకులు పడుతుంది. తక్కువైతే ఆకారం జారిపోతుంది. ముగ్గు వేసే చేతికి చుక్కల లెక్క ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే. ఆకు మొత్తానికి అతను పెట్టిన చుక్కలు తొమ్మిది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఒకసారి పదకొండు పెట్టి, రెండు తీసేశాడు. తీసేశాకే ఆ వంపులో చెక్కిన చెయ్యి కదలిక కనిపించింది.

తర్వాత లెక్క. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

పన్నెండు, పద్దెనిమిది అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున తీసుకుంటే వెడల్పు 3600 పిక్సెళ్ళు, ఎత్తు 5400 పిక్సెళ్ళు. అంచు వెడల్పు ఎంత ఉండాలి? నేనైతే కంటికి ఎంత బాగుంటే అంత అంటాను. అతను అలా అనలేదు. కాగితం మీద రాసి చూసి, అంగుళంన్నర అన్నాడు, అంటే 450 పిక్సెళ్ళు. రెండు పక్కలా 450 పోతే వెడల్పులో 2700 మిగులుతుంది. 450 చొప్పున సరిగ్గా ఆరు గళ్ళు. ఎత్తులో 4500 మిగులుతుంది. సరిగ్గా పది గళ్ళు. నాలుగు మూలలు నాలుగు చదరాలు. పైన ఆరు, కింద ఆరు, పక్కలకు పదేసి, మొత్తం ముప్పై రెండు గళ్ళు. ఒక్కో గడిలో తీగ ఒక మెలిక, దానికి ఒక ఆకు. ఎక్కడా అర గడి మిగలదు, ఎక్కడా ఆకును సాగదీయక్కర్లేదు. నాసి ఫ్రేముల్లో మీరు చూసి ఉంటారు, పై అంచులో పువ్వు గుండ్రంగా ఉంటుంది, పక్క అంచులో అదే పువ్వు కోడిగుడ్డులా సాగి ఉంటుంది. అది చేతకానితనం కాదు, లెక్క వేసుకోకపోవడం. చీర నేసే మగ్గం మీద ఎవరూ అలా మొదలుపెట్టరు. వెంకటగిరిలో అంచు నేసేవాళ్ళకు పోగుల లెక్క తేలాకే నాడె కదులుతుంది.

ఒక గడిలోంచి ఇంకో గడిలోకి తీగ అతుకు తెలియకుండా పోవాలంటే, గడికి ఎడమ అంచున తీగ ఏ ఎత్తులో, ఏ వాలులో లోపలికి వచ్చిందో కుడి అంచున అదే ఎత్తులో, అదే వాలులో బయటికి పోవాలి. దీన్ని సరిచూడటానికి అతను ఆఫ్‌సెట్ అనే ఫిల్టర్ వాడాడు. బొమ్మను సగానికి జరిపి, కుడి అంచును, ఎడమ అంచును మధ్యకు తెచ్చి కలుపుతుంది అది. అతుకు అక్కడ దాగలేదు. ఒక పిక్సెల్ మెట్టు కనిపించింది. ప్రింటులో అది ఎవరి కంటికీ ఆనదు. అయినా వెనక్కి వెళ్ళి సరిచేశాడు.

ఇప్పుడు తీగ ఎటు పాకాలి? ఒకే పట్టీని నాలుగుసార్లు తిప్పి అతికిస్తే తీగ గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతుంది. కుడి పక్కన కిందికి దిగుతుంది, ఎడమ పక్కన పైకి ఎక్కుతుంది. ఫొటోలోని ఇద్దరు మనుషుల చుట్టూ అలా తిరుగుతూ ఉంటే కంటికి కుదురు ఉండదు. అతను తీగను కింది అంచు నడుమ మొలిపించాడు. అక్కడ ఒక చిన్న కుండ పెట్టాడు. కుండలోంచి తీగ రెండు పాయలుగా చీలి, చెరో మూడు గళ్ళు పాకి, మూలలు తిరిగి, రెండు పక్కలా పది పది గళ్ళు పైకి ఎక్కి, పైమూలలు తిరిగి, చెరో మూడు గళ్ళు వచ్చి, పై అంచు నడుమ రెండు మొగ్గలై కలుసుకుంది. ఈ ఊహ ఎక్కడిదని అడిగితే చూపుడువేలు పైకెత్తి గోడ మీది గుడి ఫొటో చూపించాడు. మన పాత గుళ్ళ ద్వారబంధాల మీద తీగలు ఇలాగే గడప దగ్గర మొదలై రెండు నిలువుల మీదుగా పైకి పాకుతాయి. గుమ్మం కూడా ఫ్రేమే కదా. లోపల ఉన్న దేవుడి చుట్టూ కట్టింది.

మూలల సంగతికి వస్తాను. నాలుగు మూలల చదరాల్లో ఒక రెడీమేడ్ పువ్వును పెట్టేస్తే పని ఐపోతుంది. అడ్డంగా వచ్చిన తీగ పువ్వు కింద దూరి నిలువుగా బయటికి వస్తుంది, మూల తిరగాల్సిన కష్టాన్ని పువ్వు దాచేస్తుంది. అతను ఆ దారి పట్టలేదు. మూల చదరం మీద ఐమూలగా ఒక గీత గీసి, గీతకు ఇవతలి సగంలో తీగను వంచి, ఆ సగాన్నే అద్దంలో చూసినట్టు అవతలికి మడిచాడు. తీగ మూలలో ఒకసారి వెనక్కి తిరిగి, తన మీద తనే చుట్టుకుని, ఆ చుట్టలోంచి కొత్తగా పైకి లేస్తుంది. కింది మూలల్లో ఆ చుట్ట పెద్దది, పై మూలల్లో చిన్నది. ఎందుకంటే కింది మూలలో తీగ ఎక్కడానికి బలం తీసుకోవాలి, పై మూలలో వాలిపోతే చాలు. ఇది నేను ఊహించి చెబుతున్న అర్థమో, అతను అనుకునే చేశాడో నాకు అనవసరం. చూస్తే అలాగే ఉంది.

ఇంతవరకూ తెరమీద ఉన్నది నల్లటి తీగ బొమ్మే. కర్ర ఇంకా రాలేదు. మామయ్య ఇంట్లో ఉన్న ఉదయగిరి కర్రపళ్ళెం వెనకవైపు నగిషీ లేకుండా చదునుగా ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, లేత గోధుమవన్నె చారలను అంచు పొడవునా పరిచాడు. ఇక్కడ రెండు మెలకువలు ఉన్నాయి. చెక్కలో ఒక కన్ను ఉంది, కొమ్మ మొలిచిన చోటి ముడి. ఆ ముక్కను పదేపదే పరిస్తే ఆ కన్ను మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చి, ఇది నిజం కర్ర కాదని అరుస్తుంది. అందుకని ముందు హీలింగ్ బ్రష్‌తో ఆ కన్నును మాపేశాడు. పరచడం అయ్యాక, కుడి నిలువు మీద కింద నుంచి రెండో గడి దగ్గర, ఒకే ఒక్క చోట దాన్ని మళ్ళీ నాటాడు.

రెండో మెలకువ చారల దిక్కు. నిజం ఫ్రేములో పై చెక్కకు చారలు అడ్డంగా పోతాయి, పక్క చెక్కలకు నిలువుగా పోతాయి, ఎందుకంటే ఏ చెక్కనైనా చార వెంటే పొడవుగా కోస్తారు. రెండూ మూల దగ్గర నలభై ఐదు డిగ్రీల కోతతో కలుస్తాయి. కంప్యూటర్లో చాలామంది ఒకే చెక్క బొమ్మను మొత్తం మీద పరిచి నడుమ కిటికీ కోసేస్తారు. అప్పుడు అది నాలుగు చెక్కలు కలిపిన ఫ్రేములా ఉండదు, బెజ్జం పెట్టిన పలకలా ఉంటుంది. అతను నాలుగు చెక్కలను నాలుగు లేయర్లుగా, అంటే విడి పొరలుగా వేరుచేసి, పక్కలవి తొంభై డిగ్రీలు తిప్పి, మూలల్లో ఐమూలగా కోసి, ఆ కోత వెంట రెండు పిక్సెళ్ళ ముదురు గోధుమ గీత పెట్టాడు. వడ్రంగి ఎంత బిగించినా మిగిలే సందు అది. తీగ ఆ సందు మీదుగా తెగకుండా దాటుతుంది. చెక్కలు బిగించాకే నగిషీ చెక్కినట్టు లెక్క.

లేయర్లు లేకపోతే ఇదేదీ కుదరదు. నోల్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఫొటోషాప్ 1990లో బయటికి వచ్చినప్పుడు లేయర్లు లేవు. అవి 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఒకదాని మీద ఒకటి అతికించాక విడదీసే వీలు ఉండేది కాదు. ఇప్పుడు ఇవన్నీ ఉచితంగా దొరికే గింప్‌లోనూ చేసుకోవచ్చు. బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు 1995లో దాన్ని మొదలుపెట్టారు. కొనలేక నేర్చుకోలేదనే పరిస్థితి ఇప్పుడు లేదు.

వెలుగు దగ్గరే ఈ అబ్బాయి అసలు పనివాడని తేలింది. తీగను చెక్కినట్టు పైకి తేల్చాలంటే ఎంబాస్ ఎఫెక్ట్ ఇస్తారు. ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ వస్తాయి. ఒక పట్టీకి ఎంబాస్ ఇచ్చేసి, దాన్ని బొమ్మగా మార్చి, నాలుగుసార్లు తిప్పి అతికిస్తే ఏమవుతుంది? పట్టీతో పాటు వెలుగూ తిరుగుతుంది. పై అంచుకు పైనుంచి, కింది అంచుకు కిందనుంచి, పక్కలకు పక్కలనుంచి వెలుగు పడుతుంది. నాలుగు సూర్యుళ్ళు. చెంచా ఫొటోను కోసి అతికిస్తే చెడేది కూడా ఇందుకే. ఆ ఫొటోలో కిటికీ వెలుగు అప్పటికే ఇంకిపోయి ఉంటుంది, తిప్పితే అదీ తిరుగుతుంది. అందుకే అతను ఆకును గీతగా మాత్రమే తీసుకున్నాడు. నాలుగు పక్కలూ, మూలలూ చదునుగా కూర్చుకున్నాక, మొత్తాన్నీ ఒకటి చేసి, ఒకేసారి ఎంబాస్ ఇచ్చాడు.

వెలుగు ఎటునుంచి రావాలో కూడా తనకు తోచినట్టు పెట్టలేదు. స్కాన్ చేసిన ఫొటోను పెద్దది చేసి, మామయ్య ముక్కునీడ ఏ చెంప మీద పడిందో చూశాడు. ఆనాటి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ ఎడమ పక్కగా, కాస్త ఎత్తు నుంచి పేలినట్టుంది. ఫ్రేముకూ ఎడమ పైమూల నుంచే వెలుగు ఇచ్చాడు. "ఫొటోలో ఒక వెలుతురు, ఫ్రేముకో వెలుతురు ఉంటే మనుషులు అతికించినట్టుంటారన్నా" అన్నాడు. అప్పటినుంచి నేను ఏ ఫ్రేము చూసినా లోపలి ముక్కునీడ వెతుకుతున్నాను.

ఎంబాస్‌తో పని పూర్తి కాలేదు. ఆ ఎఫెక్ట్ ఇచ్చే ఉబ్బు అన్ని చోట్లా ఒకే మందంగా ఉంటుంది, అచ్చులో పోసిన ప్లాస్టిక్ లాగా. చెక్కిన ఆకు అలా ఉండదు. తొడిమ దగ్గర లోతు, ఈనె వెంట పల్లం, కొస దగ్గర కర్రలో కలిసిపోయే పలచదనం. అతను ఎంబాస్‌ను సగానికి పైగా తగ్గించేసి, పైన యాభై శాతం బూడిదరంగు లేయర్ ఒకటి పరిచి, దాన్ని ఓవర్‌లే చేశాడు. అలా చేస్తే ఆ బూడిద కంటికి కనిపించదు. దాని మీద నలుపు రుద్దితే కింద నీడ పడుతుంది, తెలుపు రుద్దితే వెలుగు వస్తుంది. కుంచె బలం ఎనిమిది శాతం పెట్టుకుని, ఒక్కో ఆకు మీద ఐదారుసార్లు నిమిరాడు. డార్క్‌రూమ్ రోజుల్లో ప్రింటు మీద పడే వెలుగుకు చేతిని అడ్డం పెట్టి చేసిన పనే ఇది. ఫొటోషాప్‌లో బర్న్ టూల్ గుర్తు ఇప్పటికీ వేళ్ళు ముడిచిన చెయ్యే.

ముప్పై రెండు ఆకులకూ ఇలా విడివిడిగా చేశాడు. కాపీ చేసి అతికించిన ఆకులు అప్పటిదాకా కవలలు. నిమరడం అయ్యేసరికి దేనికదే అయ్యాయి. ఒకదాని కొస కాస్త అరిగింది, ఒకదాని ఈనె వంకరైంది, ఎడమ నిలువు మీద ఏడో ఆకుకు చిన్న గాటు పడింది. చెంచా కాడ మీద ఉన్న గాటే అది, అత్తయ్య ఏళ్ళ తరబడి వాడిన చెంచా మరి. తీగ గడిలోకి వచ్చే చోటు, బయటికి పోయే చోటు మాత్రం ముట్టుకోలేదు. కర్ర పనివాడికి కర్ర ఎదురు తిరుగుతుంది, చార అడ్డం వస్తుంది, ఉలి జారుతుంది. వెలుగు మాత్రం ఊరికే వస్తుంది. తెర మీద పనిచేసేవాడికి ఏదీ ఎదురు తిరగదు, వెలుగుతో సహా అన్నీ తనే తేవాలి. అందుకే తెర మీద నాసిపని అంత తేలిక, మంచిపని అంత అరుదు.

ఫ్రేముకూ ఫొటోకూ మధ్య మౌంటు. నడుమ మిగిలిన జాగా తొమ్మిది అంగుళాలు, పదిహేను అంగుళాలు. అందులో ఏడు, పదిన్నర అంగుళాల ఫొటో. పక్కలా ఒక్కో అంగుళం, పైన రెండు, కింద రెండున్నర. కింద ఎక్కువ వదలడం పాత ఫ్రేముల వాళ్ళ అలవాటే. సమంగా వదిలితే బొమ్మ కిందికి జారినట్టు కంటికి తోస్తుంది. మౌంటు రంగును అత్తయ్య పెళ్ళిచీర మడతల్లోంచి, ఐడ్రాపర్‌తో తీసుకున్నాడు. ఫొటోలోని ఎరుపును తగ్గించాడు కానీ పూర్తిగా తీసెయ్యలేదు. కొత్త ఫొటోలా చేస్తే పెళ్ళి నిన్న జరిగినట్టుంటుందని భయపడ్డాడనుకుంటాను. మౌంటు మీద ఫ్రేము నీడ పైనా, ఎడమ పక్కా మాత్రమే పడింది. రెండు నీడలు. అంచును ఆనుకుని ఒక సన్నని ముదురు నీడ, దాని మీద వెడల్పైన పలచని నీడ. రెండూ నల్లనివి కావు, ముదురు గోధుమ రంగువి. లేత కర్ర నీడ నల్లగా ఉండదు.

కింద వదిలిన రెండున్నర అంగుళాలు ఇంకో పనికీ వచ్చాయి. "షష్టిపూర్తి" అని రాయాలి. తెలుగు అక్షరాలకు కింద చోటు కావాలి. ష్టిలో టకారం, ర్తిలో తకారం కిందికి దిగి కూర్చుంటాయి. ఇంగ్లిషు లెక్కలో వదిలిన జాగాలో రాస్తే అవి అంచుకు తగులుతాయి. ఈ అబ్బాయి ఒత్తుల కింద కూడా ఒక వేలు ఖాళీ ఉంచాడు. ఇంకో సంగతి, మాటను సరిగ్గా రాశాడు. ఊరూరా ఫ్లెక్సుల మీద షష్ఠి అని రాసేస్తున్నారు. షష్ఠి అంటే ఆరో తిథి, అరవైకి షష్టి. నేను చెప్పకముందే అలా రాసి ఉండటం చూసి సంతోషం వేసింది.

నాకు నచ్చనిది కూడా ఒకటి చెప్పాలి. కింది అంచు నడుమ పెట్టిన కుండకు బంగారు రంగు ఇచ్చాడు. ముప్పై రెండు ఆకులు కర్రగా ఉండి, అవి మొలిచిన కుండ ఇత్తడిలా మెరిస్తే కన్ను ముందు అక్కడికే పోతుంది. చెబితే, "కస్టమర్లు బంగారం లేకపోతే ఒప్పుకోరన్నా, అలవాటైపోయింది" అని నవ్వి, కర్రలోకి మార్చేశాడు. మార్చాక కుండ కాస్త మసకబారింది. ఇంకోసారి నిమిరి ఉంటే బాగుండేది.

అదే ఫ్రేమును ఫోన్ స్టేటస్‌కు కూడా అడిగాం. ఫోన్ కొలత వేరు, 1080కి 1920. పెద్ద ఫ్రేమును నొక్కి కుదిస్తే ఆకులన్నీ సన్నబడతాయి. అతను మళ్ళీ కాగితం తీశాడు. అంచు 120 పిక్సెళ్ళు అనుకుంటే వెడల్పులో 840 మిగులుతుంది, ఏడు గళ్ళు. ఎత్తులో 1680, పద్నాలుగు గళ్ళు. లెక్క కుదిరింది కానీ ఏడు బేసి సంఖ్య. నడుమ నుంచి రెండు పాయలు చీలాలంటే చెరో మూడున్నర రావు. ప్రింటులో ఆరు గళ్ళు కాబట్టి కుండ రెండు గళ్ళ అతుకు మీద కూర్చుంది. ఇక్కడ కుండకు ఒక గడి మొత్తం ఇచ్చి, పైన మొగ్గలు కలిసే చోట ఒక గడిలో విచ్చిన పువ్వు పెట్టాడు. అదే తీగ, అదే ఆకు. కొలత మారినందుకు మొగ్గ పువ్వైంది. ఆ నిర్ణయం తీసుకోవడానికి అతనికి ఒక టీ తాగేంత సేపు పట్టింది.

చివర్లో ఫ్రేమును విడిగా, ఫొటో లేకుండా సేవ్ చేసి ఇచ్చాడు. జేపెగ్‌గా కాదు, పీఎన్‌జీగా. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, నడుమ ఖాళీ తెల్లగా నిండిపోతుంది. పీఎన్‌జీలో ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది, రేపు మామయ్య మనవడి ఫొటో పెట్టినా సరిపోతుంది. తెర మీద ఆ ఖాళీ ఫ్రేము చూస్తుంటే నాకు ఉదయగిరి కొండే గుర్తొచ్చింది. గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు గెలిచి, అక్కడి బాలకృష్ణుణ్ణి విజయనగరానికి తీసుకుపోయి, 1515లో గుడి కట్టించి నిలిపాడు. విగ్రహం వెళ్ళిపోయినా ఉదయగిరిలో రాతిపని మిగిలింది. ఇప్పటికీ జనం దాన్ని చూడటానికి వస్తారు.

ఫొటో ఇప్పుడు మామయ్య ఇంట్లో నట్టింటి గోడ మీద ఉంది. ప్రింటు చుట్టూ సాదా సన్న బీడింగే వేయించాం, నగిషీ లోపలే ఉంది కనుక. ప్రింటును ల్యాబ్‌లో కత్తిరించేటప్పుడు అంచు కొంచెం పోతుందని బయటివైపు చెక్కను ముందే పెంచి ఉంచాడు కాబట్టి నాలుగు పక్కలా వెడల్పు సమంగా వచ్చింది. వచ్చినవాళ్ళు ముందు పెళ్ళికూతుర్ని చూస్తారు, తర్వాత పెళ్ళికొడుకును, ఆ తర్వాతే తీగను. అత్తయ్య మాత్రం ఎడమ పక్క ఏడో ఆకును చూసి, వంటింట్లోంచి చెంచా తెచ్చి, గాటు పక్కన గాటు పెట్టి చూసుకుంది.

ఉదయగిరి వెళితే ఒక చెంచా కొనండి. గిన్నెలో వేసేముందు దాని కాడను వెలుగులో పెట్టి చూడండి. ఆత్మకూరులోనో మీ ఊళ్ళోనో ఫొటో చేయించుకుంటే రెడీమేడ్ ఫ్రేము వద్దని, మీ ఇంట్లో ఉన్న వస్తువు ఒకటి ఆ అబ్బాయి చేతికివ్వండి. చేసినవాడి పేరు ఫొటో వెనక రాయించండి. డబ్బు కొంచెం ఎక్కువ అడుగుతాడు, ఇవ్వండి. మా ఫ్రేముకు మూడు రోజులు పట్టింది.